నీరు కొద్దీ తోట

(వేసవి కూరగాయల తోటకు నేల సిద్ధం చేసుకోవడం గురించి అశ్వారావుపేట మండలం మహిళలకు చేసిన ప్రసంగం)



సంక్రాంతి వెళ్ళింది. వడ్లు ఇంటికి చేరాయి. పత్తి ఏరడం కూడా అయిపోవచ్చింది. ఇప్పుడు మీలో చాలామంది చూపు బోరు పక్కన ఉన్న చిన్న చెలక మీదికి పోతుంది. "అందులో నాలుగు కూరగాయలు వేసుకుంటే బాగుంటుంది కదా" అనుకుంటారు. మంచి ఆలోచనే.

పత్తి డబ్బు ఏడాదికి ఒకసారి వస్తుంది. వచ్చీ రాగానే అప్పులకు పోతుంది. పామాయిల్ గెలల డబ్బు బ్యాంకు ఖాతాలో పడుతుంది. ఆ ఖాతా చాలా ఇళ్ళలో మగవాళ్ళ పేరు మీదే ఉంటుంది. కూరగాయల డబ్బు అట్లా కాదు. అది వారం వారం సంతలో మీ చేతికి వస్తుంది. చిన్న డబ్బే. కానీ పిల్లల పుస్తకాలకు, మందుబిళ్ళలకు, పొదుపు సంఘం కిస్తీకి అదే అక్కరకు వస్తుంది. పైగా ఇంట్లో కూరకు లోటు ఉండదు.

మరి ఈ తోటలు చాలావరకు ఏప్రిల్ నెలలో ఎందుకు ఎండిపోతున్నాయి? విత్తనం మంచిదే. కష్టం కూడా తక్కువేమీ కాదు. అయినా తోట మధ్యలోనే వాడిపోతుంది. పెట్టిన డబ్బు మట్టిలో కలిసిపోతుంది. సంఘంలో తీసుకున్న అప్పు మాత్రం మిగులుతుంది.

దీనికి ఎక్కువసార్లు కారణం ఒకటే. మనం ముందు నేల దున్నుతాం. తర్వాత విత్తనం కొంటాం. అన్నీ అయ్యాక నీళ్ళ సంగతి చూస్తాం. ఇది తలకిందుల పని. "నీరు కొద్దీ తామర" అన్నారు పెద్దలు. తోట కూడా అంతే. ముందు నీళ్ళు లెక్క పెట్టాలి. ఆ లెక్క చూసి నేల కొలవాలి. తర్వాతే నాగలి కట్టాలి.

మీకు ఇప్పుడు అంకెలు వచ్చు. కూడటం, తీసేయడం వచ్చు. ఈ రోజు ఆ చదువును చెలకలోకి తీసుకుపోదాం.

నీళ్ళ లెక్క

గుంట నేల అంటే సుమారు వంద చదరపు మీటర్లు. నలభై గుంటలు ఒక ఎకరం. ఎండాకాలంలో నిండుగా పెరిగిన కూరగాయ పైరు, ఒక చదరపు మీటరు నేలలో రోజుకు అయిదారు లీటర్ల నీరు తాగుతుంది. ఆరు లీటర్లు అనుకుందాం. అంటే గుంట నేలకు రోజుకు 600 లీటర్లు. బిందెకు 15 లీటర్లు పడితే, ఇవి 40 బిందెలు.

గుంటకు నలభై బిందెలు! ఈ అంకె గుర్తుపెట్టుకోండి. రోజు విడిచి రోజు నీరు పెడితే, పెట్టిన రోజు దీనికి రెట్టింపు కావాలి. మొక్క చిన్నగా ఉన్నప్పుడు ఇంత తాగదు. పూత, కాత మొదలయ్యాక తాగుతుంది. అప్పటికే బోరులో నీరు తగ్గుతుంది. చిక్కంతా అక్కడే.

మీ బోరు ఎంత పోస్తుందో ఎట్లా తెలుస్తుంది? 200 లీటర్ల డ్రమ్ము ఒకటి తెచ్చి గొట్టం కింద పెట్టండి. మోటారు వేయండి. ఎన్ని నిమిషాల్లో నిండిందో గడియారం చూసి రాసుకోండి. నాలుగు నిమిషాలు పట్టిందనుకోండి. అంటే నిమిషానికి 50 లీటర్లు. గంటకు 3,000 లీటర్లు. మీ వంతుకు రోజూ రెండు గంటల నీరు వస్తే 6,000 లీటర్లు. గుంటకు 600 చొప్పున పది గుంటలకు సరిపోతుంది.

ఆగండి. ఈ లెక్క జనవరి లెక్క. మనకు కావలసింది ఏప్రిల్ లెక్క. పోయిన ఏడాది ఉగాది దాటాక మీ బోరు ఎట్లా పోసింది? గుర్తు చేసుకోండి. ఇంట్లో పెద్దవాళ్ళను, పక్క చెలక వాళ్ళను అడగండి. ఏమీ తెలియకపోతే జనవరి నీటిలో సగమే ఉంటుందని అనుకోండి. అంటే 3,000 లీటర్లు. అయిదు గుంటలకు సరి.

లెక్క కోసం ఇద్దరు తోటికోడళ్ళను అనుకుందాం. ఇద్దరికీ చెరి పది గుంటల చెలక. ఇద్దరికీ ఒకే నీటి వంతు. పెద్ద కోడలు పది గుంటలూ వేసింది. చిన్న కోడలు అయిదు గుంటలే వేసింది. మార్చిలో చూసినవాళ్ళు పెద్ద కోడలి తోటనే మెచ్చుకున్నారు. ఏప్రిల్ వచ్చింది. నీరు సగమైంది. పెద్ద కోడలి తోటకు గుంటకు 300 లీటర్లే అందింది. పూత రాలింది. బెండకాయ గిడసబారి ముదిరింది. పది గుంటలకూ పెట్టిన విత్తనం, ఎరువు, కూలి సగం కూడా తిరిగి రాలేదు. చిన్న కోడలి అయిదు గుంటలకు కడుపునిండా నీరు అందింది. ఆమె మే నెల వరకు సంతకు పోయింది. పెట్టుబడి కూడా సగమే.

మిగిలిన అయిదు గుంటలు వృథా అనుకోవద్దు. దున్ని ఎండకు వదలండి. తొలకరిలో జీలుగ గానీ, జనుము గానీ చల్లి, పూతకు రాగానే కలియదున్నండి. నేలకు బలం వస్తుంది.

వ్యవసాయ మోటారు కరెంటుకు మనం బిల్లు కట్టడం లేదు. నిజమే. అయితే భూమి లోపల నీరు కరెంటు వచ్చినంతసేపూ ఊరదు. చెట్ల ఆకులు, పామాయిల్ మట్టల ముక్కలు, పనికిరాని గడ్డి మొక్కల మొదళ్ళలో పరవండి. నేల తడి త్వరగా ఆరదు. సాయంత్రం పూట నీరు పెట్టండి. మన చెలక నేలల్లో నీరు తొందరగా ఇంకుతుంది. అందుకని పొడవైన కాలువలు వద్దు. చిన్న చిన్న మళ్ళు చేయండి. డ్రిప్పు ఉంటే అదే నీరు ఇంకొంచెం ఎక్కువ నేలకు వస్తుంది.

చేతుల లెక్క

నీళ్ళ తర్వాత చేతులు లెక్కపెట్టాలి. మన ఊళ్ళు అడవి అంచున ఉన్నాయి. అడవిలో మోదుగ పూసే వేళకు తోటలో మొక్క నిలదొక్కుకోవాలి. ఇప్పపువ్వు రాలే వేళకు తొలి కాయలు కోయాలి. అదే వేళకు మీరు ఇప్పపువ్వు ఏరడానికి పోతారు. ఆ తర్వాత ఏప్రిల్ చివర, మే నెలలో తునికాకు కోత వస్తుంది. తెల్లవారకముందే అడవికి పోతారు. మధ్యాహ్నం దాటాక వచ్చి కట్టలు కడతారు.

మరి బెండకాయ ఎవరు కోస్తారు? బెండ రోజు విడిచి రోజు కోయాలి. రెండు రోజులు ఆగితే ముదురుతుంది. సంతలో ఎవరూ అడగరు. నీరు ఎవరు పెడతారు?

కాబట్టి ఇప్పుడే ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి మాట్లాడండి. "తునికాకు రోజుల్లో తోట పని ఎవరిది?" అని అడగండి. భర్త చేస్తాడా? అత్తగారు చేస్తారా? మరిది చేస్తాడా? బడి మాన్పించి ఆడపిల్లకు అప్పగించడం మాత్రం వద్దు. ఎవరూ లేకపోతే బెండ తగ్గించండి. సొర, గుమ్మడి లాంటివి ఎక్కువ వేయండి. వాటికి రోజూ కోత ఉండదు. పండిన గుమ్మడి ఇంట్లో నిలవ కూడా ఉంటుంది. పనికి తగిన పంట వేసుకోవడం కూడా తెలివే.

మన్ను

"దుక్కి కొద్దీ పంట" అని మనకు తెలుసు. విత్తనానికి రెండు మూడు వారాల ముందే తొలి దుక్కి దున్నండి. గడ్డల్ని వెంటనే కొట్టవద్దు. ఎండనివ్వండి. నేలలో దాగిన పురుగుల గుడ్లు, కోశాలు పైకి వస్తాయి. కొన్ని ఎండకు చస్తాయి. కొన్నింటిని కొంగలు, గోరింకలు ఏరుకు తింటాయి. ఖర్చు లేని పురుగుమందు ఇది. తర్వాత ఇంకో రెండుసార్లు దున్ని మెత్తగా చేయండి.

నేలలో పై జానెడు మన్నే మనకు అన్నం పెడుతుంది. ఆ సంగతి మన మండలంలో చాలామందికి కష్టపడి తెలిసింది. 2024 జులైలో గుమ్మడవల్లి దగ్గర పెద్దవాగు ప్రాజెక్టు కట్ట తెగింది. దిగువ పొలాల్లో ఇసుక మేటలు వేసింది. పై మన్ను పోతే నేల ఉండీ లేనట్టే. మన చెలకలో కట్ట ఏమీ తెగక్కరలేదు. వాలుగా దున్నితే ప్రతి వానకూ కొంచెం మన్ను పోతుంది. అందుకే వాలుకు అడ్డంగా దున్నాలి. చెలక చుట్టూ గట్టు వేయాలి.

మట్టి పరీక్ష చేయించండి. చెలకలో ఎనిమిది పది చోట్ల గుర్తు పెట్టుకోండి. పైన ఉన్న చెత్త తీసేయండి. 'వి' ఆకారంలో ఆరు అంగుళాల లోతు గుంత తీయండి. గుంత అంచున పైనుంచి కిందికి పలుచగా మన్ను చెక్కండి. చెట్టు కింద, గట్టు మీద, పెంటకుప్ప ఉన్న చోట తీయవద్దు. అన్నింటినీ కలిపి నీడలో ఆరబెట్టండి. అర కిలో సంచిలో కట్టండి. చీటీ మీద మీ పేరు, ఊరు, సర్వే నంబరు రాయండి. జిల్లా దగ్గర భద్రాద్రి కొత్తగూడెం అని రాయాలి. 2016 అక్టోబరు వరకు మనది ఖమ్మం జిల్లా. పాత కాగితాల్లో అదే ఉంటుంది. ఈ చీటీ మీరే రాయండి. వేరొకరి చేత రాయించవద్దు. మీ నేలకు మీరు పెట్టే పేరు అది.

సంచిని రైతు వేదిక దగ్గర వ్యవసాయ విస్తరణాధికారికి ఇవ్వండి. మన అశ్వారావుపేటలోనే వ్యవసాయ కళాశాల ఉంది. ఉద్యాన పరిశోధన స్థానం కూడా ఉంది. అనుమానం వస్తే పోయి అడగండి. అది మన హక్కు.

ఎరువు

కూరగాయలకు ఎకరానికి 8 నుంచి 10 టన్నుల పెంట ఎరువు కావాలి. అయిదు గుంటలంటే ఎకరంలో ఎనిమిదో వంతు. కాబట్టి టన్ను, టన్నుంపావు చాలు. రెండు మూడు ఎడ్లబండ్లు.

పచ్చి పెంట వేయవద్దు. పచ్చిదానికి చెదలు పడతాయి. వేరు పురుగు వస్తుంది. గడ్డి విత్తనాలు కూడా దాంతోనే వస్తాయి. బాగా మాగిన ఎరువును ఎట్లా గుర్తుపడతాం? గుప్పిట్లో తీసుకోండి. నల్లగా ఉండాలి. పొడిపొడిగా రాలాలి. పేడ వాసన రాకూడదు. తొలి వాన పడినప్పుడు వచ్చే మట్టి వాసన రావాలి.

ఆఖరి దుక్కిలో అయిదు గుంటలకు 25 కిలోల వేపపిండి కూడా కలపండి. వేరుకుళ్ళు, ఎండుతెగులు వచ్చే నేలైతే ట్రైకోడెర్మా విరిడి అనే పొడి వాడండి. ఇది మేలు చేసే బూజు. పావు కిలో పొడిని పది పన్నెండు కిలోల మాగిన ఎరువులో, కిలో వేపపిండిలో కలపండి. నీళ్ళు చిలకరించి, నీడలో గోనెపట్టా కప్పి, వారం పది రోజులు ఉంచండి. తడి ఆరనివ్వవద్దు. తర్వాత నేల తడిగా ఉన్నప్పుడు చల్లండి. పొడి కొనేటప్పుడు పొట్లం మీద గడువు తేదీ చూడండి. గడువు దాటితే అందులో ఉన్న ప్రాణం పోతుంది.

విత్తనం: చదివి కొందాం

ఇంతకాలం దుకాణం వాడు ఏ పొట్లం ఇస్తే అది తెచ్చుకున్నాం. ఇప్పుడు చదువుదాం. పొట్లం మీద పంట పేరు, రకం పేరు, లాట్ నంబరు, పరీక్ష చేసిన తేదీ, గడువు తేదీ, మొలక శాతం ఉంటాయి. అక్షరాలు ఇంగ్లీషులో ఉన్నా అంకెలు మనకు తెలిసినవే. బెండకు మొలక నూటికి 65కు తగ్గకూడదు. టమాటకు 70. సొరకు 60. ఇవి మన దేశంలో విత్తనాలకు పెట్టిన కనీసపు కొలతలు.

పొట్లం మీద రాసింది నిజమో కాదో ఇంట్లోనే చూడవచ్చు. ఇరవై గింజలు తీసి తడిగుడ్డలో చుట్టండి. గుడ్డ ఆరకుండా చూడండి. వారం రోజుల్లో ఎన్ని మొలిచాయో లెక్కపెట్టండి. ఆ అంకెను అయిదుతో హెచ్చించండి. పదిహేను మొలిస్తే నూటికి 75. విత్తవచ్చు. ఎనిమిదే మొలిస్తే నూటికి 40. ఆ విత్తనం చెలకలో వేయవద్దు. వెనక్కి తీసుకుపోండి.

రంగు పూసిన విత్తనానికి మందు పట్టించి ఉంటుంది. దాన్ని పిల్లలకు, కోళ్ళకు అందనివ్వవద్దు. ముట్టుకున్నాక చేతులు సబ్బుతో కడుక్కోండి.

బిల్లు తప్పకుండా అడగండి. బిల్లు మీద లాట్ నంబరు రాయించండి. ఖాళీ పొట్లం పారేయవద్దు. బిల్లు, పొట్లం కలిపి పంట అయ్యేదాకా దాచండి. విత్తనం మోసం చేస్తే ఆ రెండు కాగితాలే మీ సాక్షులు. 2012 జనవరిలో సుప్రీంకోర్టు ఒక తీర్పు చెప్పింది. విత్తనం కొన్న రైతు కూడా వినియోగదారుడే, నాసి విత్తనంతో నష్టపోతే వినియోగదారుల న్యాయస్థానానికి పోవచ్చు అని చెప్పింది. ఆ కేసులో రైతులు ఎక్కడివాళ్ళో తెలుసా? అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ వాళ్ళే. మనలాంటి రైతులే.

హైబ్రిడ్ కాయ నుంచి విత్తనం తీస్తే మళ్ళీ అదే రకం రాదు. నాటు సొర, నాటు బీర, తోటకూర, గోంగూర విత్తనం మాత్రం మనమే దాచుకోవచ్చు. జహీరాబాద్ ప్రాంతంలో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు పాత పంటల విత్తనాలను తామే కాపాడుకుంటున్నాయి. 2019లో ఆ సంస్థకు ఐక్యరాజ్యసమితి వారి ఈక్వేటర్ బహుమతి వచ్చింది. విత్తనాల కుండ దాచిన చేతులకే ఆ గౌరవం.

దడి, తర్వాత విత్తు

పంటలు ఇంటికి చేరాక పశువులను వదిలేస్తారు. అందుకని విత్తనం కంటే ముందు దడి కట్టాలి. "మొలిచాక కడదాంలే" అనుకుంటే పక్కింటి మేక మన కోసం ఆగదు.

చుట్టూ రెండు మూడు సాళ్ళు జొన్న గానీ, మొక్కజొన్న గానీ వేయండి. బెండ ఆకుల ఈనెలు పచ్చబడే తెగులు ఉంది కదా, దాన్ని తెల్లదోమ మోసుకొస్తుంది. వేసవిలో దాని ఉధృతి ఎక్కువ. జొన్న గోడలాగా నిలబడి దోమను కొంత ఆపుతుంది. తెగులు సోకిన మొక్కను కనబడగానే పీకి కాల్చేయండి. దానికి మందు లేదు.

బెండ, గోరుచిక్కుడు, సొర, బీర, కాకర, దోస ఫిబ్రవరి చివరిలోగా విత్తాలి. బెండ సాళ్ళ మధ్య మూరెడు, మొక్కల మధ్య జానెడు ఎడం పెట్టండి. ఇట్లా పెడితే గుంటకు సుమారు వెయ్యి మొక్కలు పడతాయి. నలభై అయిదు, యాభై రోజుల్లో తొలి కోత వస్తుంది. అన్నీ ఒకే రోజు విత్తవద్దు. రెండు వారాల ఎడంతో రెండు దఫాలుగా విత్తండి. కాయలన్నీ ఒకే సంతకు వస్తే ధర పడిపోతుంది.

తోట పుస్తకం

చివరి మాట. ఒక నోటుబుక్కు పెట్టండి. తేదీ రాయండి. పెట్టిన ఖర్చు రాయండి. కోసిన కాయలు, వచ్చిన డబ్బు రాయండి. ఇంటి కూరకు వాడిన కాయలు కూడా రాయండి. అవి కొంటే డబ్బయ్యేవే.

ఇంకొకటి రాయాలి. మీ కష్టం. "ఈ రోజు కలుపు తీశాను. సగం రోజు." అట్లా రాయండి. ఊళ్ళో కూలి ఎంత ఉంటే అంత లెక్క కట్టండి. మన ఇళ్ళలో ఎరువు ఖర్చు అందరికీ గుర్తుంటుంది. ఆడవాళ్ళ కూలి మాత్రం ఎవరికీ గుర్తుండదు. రాసి పెడితే కనబడుతుంది. వచ్చే ఏడాది ఏ పంట వేయాలో, ఎంత వేయాలో మాట్లాడేటప్పుడు ఆ పుస్తకం ముందు పెట్టండి. అప్పుడు మీ మాట ఇంట్లో నిలబడుతుంది.

రేపు పొద్దున్నే నాగలి కోసం పోవద్దు. డ్రమ్ము కోసం పోండి. గడియారం చూడండి. అంకె రాయండి.

మీరు చేయవలసిన లెక్కలు

1. ఒక బోరు 200 లీటర్ల డ్రమ్మును 5 నిమిషాల్లో నింపింది. గంటకు ఎన్ని లీటర్లు? రోజుకు మూడు గంటలు వేస్తే ఎన్ని లీటర్లు?

2. ఏప్రిల్‌లో ఆ నీరు సగమవుతుంది. అప్పుడు గుంటకు 600 లీటర్ల చొప్పున ఎన్ని గుంటలు వేయాలి?

3. ఇరవై సొర గింజలు తడిగుడ్డలో పెడితే 11 మొలిచాయి. నూటికి ఎన్ని? ఆ విత్తనం వేయవచ్చా?

4. మీ ఇంట్లో తునికాకు రోజుల్లో తోట పని ఎవరు చేస్తారు? వారి పేరు రాయండి. వారి చేత సంతకం పెట్టించండి.